రివ్యూకి రాని మోకాళ్లు

"ఆపరేషన్ నేనే చెయ్యాలి. చేశాక పేషెంట్లని భుజాన వేసుకుని రివ్యూకి కూడా నేనే తీసుకురావాలా?" పెద్ద డాక్టరుగారు బల్ల మీద గట్టిగా చరిచారు.

మీటింగు గదిలో నర్సులూ, ఫిజియోథెరపిస్టూ తలలు వంచుకున్నారు. ఆ తిట్లు తమకి కావని వాళ్లకి తెలుసు. అవి మూల కుర్చీలో ముడుచుకు కూర్చున్న ఫోనమ్మకి.

ఫోనమ్మ అన్నది ఆమె అసలు పేరు కాదు. మోకాలి లిగమెంటు ఆపరేషన్ చేయించుకుని ఇంటికెళ్లినవాళ్లకి పొద్దస్తమానం ఫోన్లు చేసి, "కాలు వంగుతోందా? వ్యాయామాలు చేస్తున్నారా? రివ్యూకి ఎప్పుడొస్తారు?" అని బతిమాలడం ఆమె ఉద్యోగం. పాపం, ఆమె గొంతు అరిగిపోతోంది గానీ పేషెంట్లలో చలనం లేదు. ఒకాయన ఊళ్లో లేనంటాడు. ఫోన్లో మాత్రం ఈ ఆసుపత్రి పక్కనున్న టీకొట్టువాడి కేకలు వినిపిస్తుంటాయి. ఇంకొకావిడైతే గొంతు మార్చి, "ఆవిడ ఇంట్లో లేరండీ" అని తన గురించి తనే చెబుతుంది.

"పేషెంట్లకి బుద్ధి లేదు, సరే. నీకేమైందమ్మా? ఈ నెల కూడా సగం మంది డుమ్మా! నీవల్ల కాకపోతే చెప్పు, రేపే ఇంకొకర్ని పెట్టుకుంటాను."

ఫోనమ్మ గబుక్కున లేచి నిలబడింది. భర్త పనిచేసే మిల్లు మూతపడ్డాక ఇల్లు గడిచేది ఈ ఉద్యోగంతోనే.

"సార్, ఎంత చెప్పినా వాళ్లు..."

"చెప్పే పద్ధతిలో చెబితే ఎందుకు రారు?"

డాక్టరుగారు కుర్చీలో వెనక్కి వాలి ఉపన్యాసం అందుకున్నారు. నెల్లాళ్లు విదేశీ సదస్సుకని వెళ్లొచ్చిన దగ్గర్నుంచీ ఆయన ఏదైనా కూర్చునే చెబుతున్నారు. రౌండ్లకి కూడా జూనియర్లనే పంపుతున్నారు. పెద్దవాళ్ల దర్జా అలాగే ఉంటుందిలే అని అందరూ సరిపెట్టుకున్నారు.

"వీళ్లందరిలోకీ మహా మొండిఘటం ఎవరు?"

"బస్సు డ్రైవరుగారు సార్. 'చూద్దాం లెండి' అని పెట్టేస్తారు."

"కలుపు. స్పీకర్లో పెట్టు. అందరూ విని నేర్చుకోండి."

ఫోనమ్మ నంబరు నొక్కింది. ఈయన ఒక్క మాటకే ఆ డ్రైవరు వస్తానన్నాడో, తన పని అయిపోయినట్టే. దేవుడా, ఎత్తకుండా చూడు అని మొక్కుకుంది. అవతల వెంటనే ఎత్తారు.

"ఏమయ్యా, నేను పెద్ద డాక్టర్ని."

"అయ్యబాబోయ్, మీరే చేశారా! నమస్కారమండీ!"

"నమస్కారాలు తర్వాత. ఆపరేషన్ చేయించుకుని, నడవడం రాగానే చల్లగా జారుకుంటే ఎలా? రేపు కాలు బిగుసుకుపోతే మళ్లీ డాక్టర్నే తిడతారు. సిగ్గుండాలి కదయ్యా!"

"తప్పేనండీ."

డాక్టరుగారు ఫోనమ్మకేసి చూసి కనుబొమలెగరేశారు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మరెప్పుడొస్తావు?"

డ్రైవరు నసిగాడు. "కోప్పడకండి. మీ దగ్గర చేయించుకున్నాక కాలు సరిగ్గా వంగలేదండీ. అందుకని రైలుగేటు అవతలి ఆసుపత్రిలో చూపించుకుంటున్నా."

"అక్కడికా!" డాక్టరుగారి మొహం కందగడ్డయింది. "ఆ డాక్టరుకి మోకాలికీ మోచేతికీ తేడా తెలీదు! బుద్ధున్నవాడెవడైనా అక్కడ కాలు పెడతాడా?"

"అదేంటండీ అలా అంటారు, పోయిన నెల మీ మోకాలికి ఆపరేషన్ చేసింది ఆయనే కదా, కుట్లు విప్పించుకున్నాక మీరు మళ్లీ మొహం చూపించలేదట, ఈసారి నేనొచ్చేటప్పుడు మిమ్మల్ని కూడా రివ్యూకి వెంటబెట్టుకు రమ్మన్నారు!"