బురద దాచిన పొగ

మడ అడవిలో ముసలి పీత రాలిన ఆకులను బురదలోని బొరియలోకి లాగుతోంది.

"ఎందుకత్తా ఈ చాకిరీ?" అంది చెట్టు మీద గుడ్లు పొదుగుతున్న కొంగ.

"ఆకు గాలిలోని పొగ మింగి రాలుతుంది. పైనే కుళ్లితే ఆ పొగ మళ్లీ లేచి గాలిని కాగబెడుతుంది."

"ఆకాశాన్ని నువ్వే మోస్తున్నావన్నమాట." కొంగ నవ్వి, పురుగుల కోసం పందిని పిలిచి బురదంతా తవ్వించింది.

ఏళ్లుగా దాగిన పొగ పైకొచ్చింది. గాలి కాగింది. గూట్లో గుడ్లు వేడెక్కుతుంటే కొంగ కూర్చోలేక, నిలవలేక, రెక్కలు చాచి నీడ పట్టింది. చివరికి ఎండుటాకు ఒకటి తెచ్చి బొరియ ముందు పెట్టింది. పీత లోపలికి తప్పుకుంది.

"నిన్ను తినడానికి రాలేదత్తా. దీన్నెక్కడ దాచను?"

"లోతుగా దాచు. ముందు నీ పందిని పంపెయ్."