అరువు పేరు

నంద్యాల ఆటస్థలంలో సున్నపు గీత దగ్గర ఎవరో గొంతుక్కూర్చుని తాపీతో నేల తవ్వుతున్నాడు.

మాసిన చొక్కా. మోకాళ్లదాకా దుమ్ము.

"ఏయ్ బేల్దారీ! ఈడేం కడతాండావ్? పందెం జాగా ఇది!" ఆళ్లగడ్డ పెద్దరైతు సుబ్బయ్య దూరం నుంచే కేకేశాడు.

"పరిగెత్తే పిల్లోళ్లు కాళ్లు ఆనించుకునేకి గుంతలన్నా."

"నిన్నెవురడిగినారు? లెయ్ లెయ్!"

అతను లేచి పక్కన నిలబడ్డాడు.

అది 1954. హైస్కూలు పిల్లలకు వంద గజాల పందెం. జాబితాలో సుబ్బయ్య కొడుకు బాలసుబ్రహ్మణ్యం పేరుంది. ఆ మహానుభావుడు మిద్దె మెట్లెక్కినా ఆయాసపడతాడు. అందుకే సుబ్బయ్య తన జీతగాడు యాకోబుకు కొడుకు చొక్కా, నిక్కరు తొడిగి తెచ్చాడు.

యాకోబు బడి గడప తొక్కలేదు. ఎవరి పేరుతోనైనా సరే, ఒక్కసారి ఆ గీతల మధ్య పరిగెత్తాలని వాడి ప్రాణం కొట్టుకుంటోంది.

"ఎవురడిగినా నువ్వు నా కొడుకువి. నోరు జారితే నువ్వూ, మీయమ్మ జీవమ్మా ఊర్లో ఉండరు."

"అట్లే సామీ."

విజిల్ మోగింది. యాకోబు ఆ గుంతల్లోంచే లేచాడు.

రెండోవాడు గీత దాటేసరికి వాడు నిలబడి వెనక్కి చూస్తున్నాడు.

తాపీ మనిషి పరుగున వచ్చి వాడి భుజాలు పట్టుకున్నాడు. కళ్లు తడిగా ఉన్నాయి.

"నీ పేరేందప్పా?"

అంత ప్రేమగా వాడి పేరు ఇంతవరకూ ఎవరూ అడగలేదు. అసలు పేరు పెదవుల దాకా వచ్చింది.

వెనకాల సుబ్బయ్య దగ్గాడు.

"బాలసుబ్రహ్మణ్యం."

అతను పగుళ్లు తేలిన ఆ పాదాల వంక చూశాడు.

"నిజమేనా?"

"నిజమే."

అతను కాగితం తీసి రాసుకున్నాడు.

"బేల్దారోనికి మా పేర్లెందుకు? పో!" సుబ్బయ్య అతన్ని పక్కకు తోశాడు.

పది రోజులకు ఆళ్లగడ్డకు జాబొచ్చింది. కొడుకు చదువుతుంటే సుబ్బయ్య విన్నాడు. గొడ్లకు కుడితి పెడుతూ యాకోబూ విన్నాడు.

కర్నూలులో ఏడాది పాటు పరుగు నేర్పుతారట. తర్వాత పెద్ద పోటీలకు పంపుతారట. బాలసుబ్రహ్మణ్యం వెంటనే రావాలట.

"నాకు పరుగు రాదు కద నాయనా!"

"పోయి నేర్చుకుంటావ్. ఇంటికెంత పేరు! రేయ్ యాకోబూ, ట్రంకుపెట్టె బస్సుకాడికి మోసుకురా."

దారిలో యాకోబు నెత్తిమీది పెట్టె దించి అడిగాడు.

"చిన్నసామీ, కడాకు ఇంగేందో రాసినారే, చదవకుండా మడిసినావు."

బాలసుబ్రహ్మణ్యం జాబు విప్పి తలొంచుకుని చదివాడు.

"'నేనొస్తున్నానని తెలిస్తే అందరూ గొప్పవాళ్ల బిడ్డలనే చూపిస్తారు, అందుకే ఎవరికీ చెప్పకుండా తాపీ పట్టుకుని వచ్చాను, ఇట్లు, దేశం తరఫున ఒలింపిక్స్‌లో పరిగెత్తిన మత్తయి.'"