పూజారి వచ్చేదాకా

"మీ విమానం వెళ్లిపోయిందండీ" అంది కౌంటర్లో అమ్మాయి. ఆమె కోటు మీది బిళ్లకు లాస్య అని పేరుంది.

"యాడికి పోయింది?" అన్నాడు హడ్మా.

"జగదల్‌పూర్‌కి."

"నేను పోవాల్సింది గూడ ఆడికే. వెనక్కి పిలువు."

లాస్య నవ్వు ఆపుకుంది. పక్కనున్న నరసింహులు ఆపుకోలేదు. భద్రాచలం అవతల, ఛత్తీస్‌గఢ్ సరిహద్దు ఊరు కొంటాలో చింతపండు వ్యాపారం అతనిది. హడ్మా ఎర్రబోరు అవతలి పల్లెలో పూజారి. అడవి సరుకుల మేళాకని సర్కారువాళ్లు ఇద్దర్నీ ఢిల్లీ పంపారు. తిరుగు ప్రయాణంలో పొద్దున్నే రావాల్సిన ఢిల్లీ విమానం హైదరాబాదుకు గంటన్నర ఆలస్యంగా వచ్చింది. ఇక్కడ ఎక్కాల్సిన రెండో విమానం వీళ్లకోసం ఆగలేదు.

"రేపు ఇదే టైముకి సీట్లు ఇస్తామండీ."

"రేపా? పండుం ఇయ్యాల!"

మార్క పండుం అంటే మామిడి పండుగ. పూజారి తొలికాయ కోసి ఊరి దేవతకు పెట్టాలి. అప్పటిదాకా ఊళ్లో ఎవరూ కొత్త మామిడి నోట పెట్టకూడదు.

హడ్మా ఫోను మోగింది. చేసింది భార్య, పేరు కోసి.

"యాడున్నవయ్యా? పొద్దు గూకేలోపల నువ్వు రాకుంటే నీ తమ్ముడు నందతోటి కానిస్తమంటున్నరు పెద్దలు. ఒక్కసారి వాడు కాయ కోసిండా, ఇగ పూజారి వాడే."

"వస్తున్న. ఎవరూ కాయ ముట్టలే గదా?"

"నువ్వు లేంది ముడతరా?" అని కోసి ఫోను పెట్టేసింది.

లాస్య జాలిపడి రెండు అన్నం డబ్బాలు ఇచ్చింది. విమానం తప్పినవాళ్లకు ఉచితమట. హడ్మా మూత తీశాడు. మామిడికాయ పులిహోర. మూత పెట్టి నరసింహులు ఒళ్లో పడేశాడు.

"తినవయ్యా. ఇది హైదరాబాదు మామిడి. మీ దేవతదాకా వార్త పోదు."

"నాకు తెలుస్తది గద సేటూ."

"పోయినేడు నీ తమ్ముడు ఒక్క కాయ కొరికితే తప్పు కింద కోడిని కట్టించుకున్నవంట?"

"గోరంతే కొరికిండు. అయినా కోడి కోడే."

నరసింహులు రెండు డబ్బాలూ తిని వేళ్లు నాకాడు. తర్వాత ఇద్దరూ భద్రాచలం బస్సెక్కారు.

"ఒకందుకు మంచిదే అయింది. విమానంల పోతే ఎర్రబోరు మీదుగా ఎగిరి, జగదల్‌పూర్‌ల దిగి, మళ్ల నాలుగు గంటలు బస్సుల వెనక్కి రావాలె. పైనుంచి దూకుదామంటే నువ్వు ఊకోవు" అన్నాడు నరసింహులు.

"దూకితే తొందరగ పోదుమేమో" అన్నాడు హడ్మా. నవ్వలేదు.

సూర్యాపేటలో ఒకామె కిటికీ దగ్గరికి బుట్ట ఎత్తింది. చీరిన మామిడికాయలు, మీద ఉప్పూ కారం. హడ్మా ముఖం తిప్పుకున్నాడు. నోట్లో ఊరిన నీళ్లు గుటుక్కున మింగాడు. ఆ చప్పుడు నరసింహులుకు వినబడింది.

"అది గూడ తప్పే. రసం రసమే" అన్నాడు నరసింహులు.

హడ్మా ఆ మాట నమ్మాడు. ఆ తర్వాత ఖమ్మందాకా కిటికీలోంచి ఉమ్ముతూనే ఉన్నాడు.

కొత్తగూడెం దాటాక బస్సు టైరు పంక్చరైంది. హడ్మా దిగి డ్రైవరు కంటే ముందు జాకీ అందుకున్నాడు. భద్రాచలంలో జీపువాడు పదిమంది నిండితేగాని కదలనన్నాడు. హడ్మా రోడ్డు మీద నిలబడి, కనిపించినవాళ్లనల్లా కొంటా రమ్మని బతిమాలాడు. ఇద్దరు నిజంగానే ఎక్కారు. చర్ల పోవాల్సిన ముసలమ్మను కూడా ఎక్కించబోతే నరసింహులు దింపాడు.

కొంటాలో దిగేసరికి పొద్దు పడమటికి వాలింది. ఎర్రబోరు బస్సు అప్పుడే పోయింది.

"ఇది గూడ తప్పింది" అన్నాడు హడ్మా. పొద్దుటినుంచి మంచినీళ్లే తాగాడు. సంచి మీద కూలబడ్డాడు.

నరసింహులు ఈసారి ఎగతాళి చెయ్యలేదు. దుకాణం ముందున్న మోటారుసైకిలు తీశాడు. గుమ్మంలో అతని భార్య అన్నపూర్ణ చెంబుతో నీళ్లు పట్టుకుని నిలబడింది. ఆమెకు చెయ్యి ఊపి బండి దూకించాడు.

"పది రోజులకొచ్చిన మొగుడు ఆగకుండ పోయిండని రేపు నాకు పెడ్తది పండుం" అన్నాడు.

పల్లె చేరేసరికి పొద్దు అడవి మీద జానెడు ఎత్తున ఉంది. మామిడిచెట్టు కింద ఊరంతా కూర్చునుంది. నంద అప్పటికే స్నానం చేసి, తడిబట్టతో, కత్తి పట్టుకుని చెట్టువైపు నడుస్తున్నాడు. హడ్మా బండి ఆగకముందే దూకాడు. పరుగున పోయి తమ్ముడి చేతిలోంచి కత్తి లాక్కున్నాడు. కడివెడు నీళ్లు నెత్తిన గుమ్మరించుకున్నాడు. తొలికాయ కోశాడు. దేవత ముందు పెట్టి, పొద్దు అంచు ఇంకా కనిపిస్తుండగానే మొక్కు ముగించాడు.

డోలు మోగింది. హడ్మా లేచి జనాన్ని చూశాడు. ముసలివాళ్లు, పసివాళ్లు, అందరూ కుదురుగా కూర్చున్నారు. ఒక్కరూ తోసుకోలేదు. ఒక్కరూ చెయ్యి చాచలేదు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

"చూసినవా సేటూ? నేనొచ్చేదాక ఒక్క ముక్క ముట్టలే. ఇదీ మా ఊరు."

నరసింహులు నిజంగానే తల వంచాడు.

హడ్మా కాయ చీరి, తొలి ముక్క భార్యకు అందించాడు. "ముందు నువ్వు తిను, కోసీ."

కోసి ముక్కను చూసి మూతి తిప్పింది. "ఈ చెట్టుదా? ఈ ఏడు వట్టి వగరయ్యా. ఉప్పుకారంలకు వాగు పక్క చెట్టు కాయే బాగుంది."

నిజమేనన్నట్టు ఊరంతా తలూపింది.