వంకర ఆకు

ఫెబి బజారు నుంచి ఖతార్‌లో అల్ ఖోర్‌లోని ఫ్లాటుకి తిరిగొచ్చేసరికి, లుసైల్‌లో కొన్నవాళ్ళకి పంపాల్సిన దిండు గలీబులన్నీ అత్తగారు సౌభాగ్యమ్మ ఒళ్ళో ఉన్నాయి. ఆవిడ చేతిలో సూది ఉంది.

ఫెబి సంచి గుమ్మంలోనే వదిలేసి దగ్గరికొచ్చింది.

ఆ గలీబులు చేత్తో కుట్టినవి కావు. మెషీన్ ఎంబ్రాయిడరీ సరుకు టోకున కొని, ఒక్కో గలీబు మీద ఒక ఆకు విప్పేసి, దాన్ని మాత్రం చేత్తో, కావాలనే వంకరగా కుడుతుంది ఫెబి. ఆ వంకర చూసే జనం చేతిపని అని నమ్ముతారు. ఆన్‌లైన్ షాపు పేరు కింద "మా అత్తయ్య నేర్పిన కుట్టు" అని రాసుంటుంది. ఆర్డర్లు ఆగడం లేదు.

"ఏం చేస్తున్నారత్తయ్యా?"

"ఏం లేదమ్మా. నువ్వటు వెళ్ళగానే చూశాను, ఆకులు వంకర పోయాయి. విప్పి సరిచేశాను. కొనుక్కున్నవాళ్ళు నిన్నో మాట అనకూడదు కదా!"

పాలకొల్లు నుంచి నిన్ననే దిగిన మనిషి. శుక్లాలు తీయించుకున్న కళ్ళు ఎర్రబడి నీరు కారుతున్నాయి. నిజం చెప్పేద్దామని ఫెబి నోరు తెరిచింది. కానీ ఆ కళ్ళు చూసి, తల దించుకుని గలీబులు మడతపెట్టసాగింది.

కోడలు చిన్నబుచ్చుకుందనుకుంది సౌభాగ్యమ్మ. సూదిలో కొత్త దారం ఎక్కించి ఆమె చేతికిచ్చింది.

"దిగులెందుకే పిచ్చిదానా? పూలన్నీ అచ్చు గుద్దినట్టు కుట్టావు. అన్నిట్లోనూ ఆ ఒక్క ఆకు దగ్గరే తప్పావంటే, తప్పు నీది కాదు. అక్కడ నేనే సరిగ్గా నేర్పలేదు. ఇలా కూర్చో, మళ్ళీ చూపిస్తాను."