తీగచుట్టల కాపురం

“ఏంటి బాబాయ్, వారం రోజులకి తీరిందా నీకు?”

తలుపు దగ్గర నిలబడ్డ పెద్దమనిషి తననేనా అన్నట్టు వెనక్కి తిరిగి చూశాడు. భుజాన సంచి. సంచిలోంచి స్క్రూడ్రైవర్ పిడి తొంగిచూస్తోంది.

“నిన్నే! ఏసీ సంగతి తర్వాత. ముందిలా వచ్చి ఈ టార్చి పట్టుకో,” అంది పరిశోధకురాలు, నేలమీద బోర్లా పడుకునే.

“అది కాదు తల్లీ, నేనొచ్చింది...”

“ఎందుకొచ్చావో నాకు తెలుసులే! నాలుగింటికి పాత ఇనుము లారీ వచ్చి ఈ యంత్రాన్ని ఎత్తుకుపోతుంది. ఈలోగా పనిచేసిందా, బతికిపోతా. లేదా, దీంతోపాటు నా నాలుగేళ్ళ చదువూ తుక్కే!”

పెద్దమనిషి వచ్చి టార్చి పట్టుకున్నాడు.

యంత్రమంటే ఓ స్టీలు డ్రమ్ము. లోపలి గాలి దాదాపు అంతా తోడేసి, చిటికెడు ఆర్గాన్ వాయువు వదిలి, రేడియో కరెంటు తగిలిస్తే ఊదారంగు వెలుగు పుడుతుంది. ఆ వెలుగే ప్లాస్మా. డ్రమ్ముకు ఆ చివరొకటి, ఈ చివరొకటి రాగి తీగచుట్టలు. కరెంటిస్తే అవి అయస్కాంతాలై, వెలుగును నడిమధ్య గాజుపలక మీద కుదురుగా కూర్చోబెట్టాలి. అప్పుడే పలక మీది మచ్చలన్నీ పోతాయి.

రెండు నెలలుగా అది కూర్చోవడం లేదు. గోడలెక్కుతోంది. “ప్లీజ్ మా” అని బతిమాలినా ప్లాస్మా వినడం లేదు.

పెద్దమనిషి డ్రమ్ముకున్న గాజు కిటికీలోంచి చూశాడు.

“అరెరే, పిక్చర్ ట్యూబులో బొమ్మ పక్కకి లాగినట్టుందే!”

“టీవీలు కూడా బాగుచేసేవాడివా?”

“ముప్ఫై ఏళ్ళు! ట్యూబు మెడ మీద అయస్కాంతం ఇంత తిప్పితే చాలు, పారిపోయిన బొమ్మ బుద్ధిగా వచ్చి కూర్చునేది. తర్వాత గోడకి తగిలించే టీవీలొచ్చాయి. వాటితోపాటు నన్నూ గోడకి తగిలించారు.” ఒంగి తీగలకేసి చూశాడు. “ఈ చుట్టలు ఎప్పుడైనా విప్పావా?”

“రెండు నెలల కింద. తుడిచి మళ్ళీ బిగించా. చూడు, నాలుగు కొసలకీ ఎంత ముచ్చటగా ఎర్ర టేపు చుట్టానో!”

“నాలుగింటికీ ఎరుపేనా?”

“అందంగా ఉంటుందని...”

“కవలపిల్లలకి ఒకే రంగు చొక్కాలు తొడిగి, ఎవరెవరో మర్చిపోయావన్నమాట! ఆ రేడియో కరెంటు కట్టెయ్. చుట్టలకి మాత్రం ఉంచు.”

సంచిలోంచి చిన్న దిక్సూచి తీశాడు. డ్రమ్ముకు ఈ చివర పెడితే సూది మొన బయటికి చూసింది. ఆ చివర పెడితే, అక్కడా బయటికే చూసింది.

“కనిపెట్టావా? ఒకచోట బయటికి చూస్తే, రెండోచోట లోపలికి చూడాలి. ఎడమొహం, పెడమొహం! అయస్కాంతాలు కావమ్మా ఇవి, అయ్యోస్కాంతాలు. అమ్మానాన్నలిలా కొట్టుకుంటుంటే బిడ్డ ఇంట్లో ఉంటుందా? గోడ దూకుతుంది.”

ఆమె నాలిక కరుచుకుంది. అన్నీ కట్టేసింది. ఒక చుట్టకున్న రెండు కొసలూ అటుదిటూ ఇటుదటూ మార్చి బిగించింది. మళ్ళీ కరెంటు ఇచ్చింది.

“నెమ్మది... ఇంకాస్త పెంచు... కొంచెం... ఆగాగు!”

వెలుగు ఒక్కసారి ఒళ్ళు విరుచుకుంది. గోడలు వదిలింది. పిలిచిన పేరంటాలిలా మధ్యకి నడిచొచ్చి, పలక నిండా ఒక్క ముడతైనా లేకుండా పరుచుకుంది.

ఆమె వేసిన కేకకి కారిడార్లో ఎవరిదో స్టీలు గ్లాసు కింద పడింది.

“మెకానిక్కువి కాదు బాబాయ్, మ్యాజిక్కువి!”

పెద్దమనిషి కిటికీకి ముక్కు ఆనించి అలా చూస్తూనే ఉన్నాడు. కళ్ళద్దాల నిండా ఊదారంగు.

“చచ్చిందనుకున్నది లేచి కూర్చోవడం చూసి ఎన్నాళ్ళైందో తల్లీ!”

“సరేగానీ, మురిసింది చాలు. ఇక ఏసీ పని చూడు.”

“అది మాత్రం నా వల్ల కాదమ్మా,” అంటూ సంచి సర్దుకున్నాడు.

“ఈ ముక్క చెప్పడానికి వారమా నీకు!” అని ఆమె వెనక నుంచి అరిచింది. పలక సంబరంలో పడి, థాంక్స్ చెప్పడం కూడా మరిచింది.

నాలుగైంది. నాలుగుంపావైంది. పలక మచ్చలేని చందమామలా బయటికొచ్చింది గానీ, లారీ జాడ లేదు. ఆఫీసు గుమాస్తాకి ఫోన్ చేసింది.

“లారీ రాలేదేంటండీ?”

“ఇంకెక్కడి లారీ అమ్మా! మీ యంత్రాన్ని తుక్కు జాబితాలోంచి కొట్టేశాం. పనిచేసేదాన్ని అమ్మే రూలు మాకు లేదు.”

“పనిచేస్తోందని మీకెవరు చెప్పారు? మీరు పంపిన ఏసీ మెకానిక్కేనా?”

“ఏసీ మెకానిక్కా? అతను సెలవులో ఉన్నాడు, సోమవారం గానీ రాడు.”

“మరి మధ్యాహ్నం సంచి తగిలించుకుని వచ్చిందెవరు?”

“ఆయనా? మీ యంత్రాన్ని కొనుక్కున్న పాత ఇనుము వ్యాపారి అమ్మా! ఎత్తుకెళ్ళే ముందు ఓసారి చూసుకుంటానని మీ గదికొచ్చి, తిరిగొచ్చి ‘ఇది తుక్కు కాదు, నాకొద్దు’ అని కాగితం మీద రాసిచ్చి, ఖాళీ లారీ ఎక్కి ఈల వేసుకుంటూ వెళ్ళిపోయాడు.”