నెలకో మంగళగిరి చీర

"ఈసారి మిరపపండు రంగు!"

దేవకుమారి కిటికీ రెక్క చప్పుడు కాకుండా దగ్గరికి వేసి, సందులోంచి మళ్లీ చూసింది. బ్రాడీపేటలోని ఆ పెంకుటింట్లో రెండు వాటాలు. పక్కవాటా కరీమున్ సత్తెనపల్లి బస్సుకు బయల్దేరుతోంది. ఎర్రటి మంగళగిరి చీర, అరచేతి వెడల్పు జరీ అంచు. ఎండ తగిలి అంచు తళుక్కుమనగానే దేవకుమారికి ఎక్కడో కలుక్కుమంది.

"పుట్టింటికి పోతోందిలే. నీకెందుకూ?" అన్నాడు అంకమ్మరావు, తెగిన చెప్పు వారుకు పిన్నీసు గుచ్చుకుంటూ.

"నెలనెలా పోతుంది. పోయినప్పుడల్లా కొత్త చీరే! మొదట నిమ్మపండు రంగు, పోయిన నెల నారింజ, ఇప్పుడిది. అన్నిటికీ ఒకే అంచు ఏరి మరీ కొంటుంది, ఎంత పట్టింపో చూడండి. ఒకసారి కట్టిన రంగు మళ్లీ కట్టదు. పెట్టెలో దాచేస్తుంది మహారాణి! మీకూ దాని మొగుడు గౌస్ బాషాకూ ఒకే మిల్లు, ఒకే గుమాస్తా పని, అవే తొంభై రూపాయలు. ఎలా కొంటుందో మీరే చెప్పండి."

"బి.ఏ.లో అర్థశాస్త్రం చదివింది నువ్వు. నన్నడిగితే?"

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. కరీమున్ చదివింది ఐదో తరగతి.

పెళ్లయి ఏడు నెలలు. ఇన్నాళ్లూ పొదుపంటే దేవకుమారికి ఆటే. గ్లాసుడు కాఫీ ఇద్దరూ పంచుకోవడం, నురగ నాదంటే నాదని పోట్లాడుకోవడం. కాలిన అగ్గిపుల్లను పారేయకుండా దాచి, దీపం మీంచి పొయ్యికి మంట అందించడం. మిగిలిన పావలాను బిస్కెట్ల డబ్బాలో వేసి, ఇద్దరూ చెవులు ఆనించి వినడం. ఆ డబ్బా అంకమ్మరావు సైకిలుది. మిల్లు రైలు గేటుకు అవతల రెండు మైళ్లు. పొద్దునా సాయంత్రం మిరపబస్తాల బళ్ల వెనక దుమ్ములో తుమ్ముకుంటూ నడుస్తాడు. పాత సైకిలు ఎనభై రూపాయలు. డబ్బాలోకి నలభై ఆరు వచ్చాయి.

ఇప్పుడు ఆ పావలా మోతలో మునుపటి సంగీతం లేదు.

మరుసటి నెల ఒక శనివారం కరీమున్ పరుగున వచ్చింది.

"అక్కా, రెండు గుప్పిళ్లు రాళ్లుప్పు ఉంటే పెట్టవా? పొయ్యి మీద పెట్టేసి వచ్చాను."

ఉప్పు చేతికివ్వకూడదు గనక దేవకుమారి గిన్నెలో పోసి గడప మీద పెట్టింది. చీరలకు డబ్బులుంటాయి, ఉప్పుకు ఉండవు కాబోలు! గిన్నె తీసుకుంటున్న చేతిని చూసింది. వేళ్ల కొసలు నల్లబడేంత ఎరుపు.

"గోరింటాకు బాగా పండిందే!"

"ఆఁ, అలాంటిదేలే అక్కా," అని కరీమున్ నవ్వేసింది. "రేపు అమ్మ దగ్గరికి పోవాలి. కూతురు సుఖపడుతోందని చూసి మురిసిపోవాలిగా ముసల్ది."

గోరింటాకు అంతలా పండితే మొగుడి ప్రేమ ఎక్కువని అంటారు. దేవకుమారి తన వేళ్లు చూసుకుంది. బొగ్గు మసి.

పెరటి గోడ మీంచి తొంగిచూస్తే పక్కవాటా పొయ్యి మీద పెద్ద తపేలా కుతకుతమంటోంది. ముక్కు ఎంత ఎగబీల్చినా మసాలా వాసన రాలేదు.

"బిరియానీయే! మూతకు పిండి మెత్తింది, మనకు వాసన కూడా రాకూడదని," అంది మొగుడితో.

"ముక్కును ఇటు తిప్పి పచ్చిపులుసు వడ్డించు తల్లీ," అన్నాడతను.

తెల్లవారితే కరీమున్ ఒంటి మీద నేరేడుపండు రంగు చీర. అదే అంచు.

ఆ పై నెల నలుపు! నల్లటి చీర మీద ఆ జరీ చీకట్లో మెరుపులా ఉంది. ఆ రోజు దేవకుమారికి అన్నం సయించలేదు. సోమవారం మొగుడు మిల్లుకు వెళ్లగానే డబ్బా మూత తీసింది. బట్టల కొట్లో ఇరవై రెండు రూపాయలు లెక్కపెట్టి, నిమ్మపండు రంగు మంగళగిరి చీర కొనుక్కుంది. అచ్చం ఆ అంచే.

సాయంత్రం అంకమ్మరావు గుమ్మంలోనే ఆగిపోయాడు.

"అబ్బ! ఎవరింటికో వచ్చాననుకున్నాను."

అతను గూట్లో డబ్బా చూశాడు, ఎత్తి ఊపాడు, మళ్లీ అక్కడే పెట్టాడు.

"సైకిలుకేం తొందర? వచ్చే ఉగాదికి చూద్దాం. ఈ రంగు నీకు బాగుంది, దేవీ."

అతను చెప్పులు విడుస్తుంటే మడమ మీద బొబ్బ చితికి కనిపించింది. దేవకుమారికి ఏడుపు ముంచుకొచ్చింది. ఏడుస్తూనే కుచ్చిళ్లు సర్దుకుంది.

"అక్కా!" అంటూ అంతలోనే కరీమున్ వచ్చి కొంగు అంచు పట్టుకుని చూసింది. "ఎంత లేత రంగు! ఎల్లుండి మా చెల్లెలి నిఖా. ఒక్క పూటకు ఇస్తావా? నలుపు కట్టుకుని ఎట్లా పోను?"

ఐదు నెలలుగా లోపల మరుగుతున్నదంతా దేవకుమారి నోటికొచ్చింది.

"నీకేం తక్కువమ్మా? పెట్టెలో ఐదు మంగళగిరి చీరలు దాచుకుని నన్నడుగుతావా?"

కరీమున్ వింతగా చూసింది. రంగు వదలని వేళ్లను పమిట చాటుకు లాక్కుంది.

"ఐదెక్కడివక్కా?" అంది మెల్లగా. "ఉన్న ఒక్కదానికీ నలుపు వేసేశాను, ఇంక దానిమీద ఏ రంగూ ఎక్కదు."