కుర్చీ వేసుకున్న ముసలాడు

చెంబు పట్టుకుని ముళ్లచెట్లలోకి వెళ్లిన ప్రేమమణి వెళ్లినంత వేగంగా తిరిగొచ్చింది.

"ఏమైందే?" అంది తల్లి జ్ఞానమణి.

"అక్కడెవరో ముసలాయన కుర్చీ వేసుకుని కూర్చున్నాడమ్మా."

"నిన్నేమన్నా అన్నాడా? దగ్గరికి గానీ వచ్చాడా?"

"లేదమ్మా. అటు తిరిగి, రోడ్డు వైపు చూస్తున్నాడు."

"అటు తిరిగి కూర్చునేవాణ్ణే నమ్మకూడదు."

సీతాఫల్‌మండిలో రైలుపట్టాల వెనకున్న ఆ బస్తీలో ఏ ఇంటికీ లెట్రిన్ లేదు. పక్కనున్న ఖాళీ జాగాయే అందరికీ దిక్కు. అది ఎవరిదో ఎవరికీ తెలియదు. ముళ్లకంప, కుళ్లిన చెత్త, నిన్నటిదీ మొన్నటిదీ కలిసిన కంపు. కాలు ఎక్కడ పెట్టాలో చూసుకుంటూ, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని వెళ్లి రావాల్సిందే.

ఎదిగిన పిల్లను ఆ రోతలోకి పంపిన ప్రతి పొద్దునా జ్ఞానమణి గుమ్మంలోనే నిలబడేది. పాము కరిచిందేమో, ఎవడైనా నోరు నొక్కి లాక్కుపోయాడేమో అనుకుంటూ. పిల్లేమో అక్కడికి వెళ్లాల్సి వస్తుందని నీళ్లు తాగడమే మానేసింది. ఇలాగైతే కిడ్నీలు పాడవుతాయని ఆసుపత్రిలో డాక్టరమ్మ తిట్టి పంపింది.

అందుకే జ్ఞానమణికి ఇల్లు కావాలి. లోపలే లెట్రిన్, దాని తలుపుకు గడియ. ఆమె అడిగింది అంతే.

మున్సిపాలిటీ గ్రేటర్ అయ్యాక పేదలకు ఇళ్లు కట్టిస్తున్నారంటే బస్తీ ఆడవాళ్లంతా ఆఫీసు చుట్టూ తిరిగారు. పాన్ ఉమ్ములతో ఎర్రబడ్డ మెట్ల మీద పడిగాపులు కాస్తే, ఇంజనీరు ప్రతిసారీ ఒకటే మాట.

"నిధులున్నాయమ్మా. జాగానే లేదు. ఎక్కడైనా జాగా చూపించండి, కట్టిస్తాం."

"మాకే జాగా ఉంటే మీ మెట్లెందుకు ఎక్కుతాం సార్?"

ఆయన టీ తాగుతూ నవ్వేవాడు.

ముసలాడు మర్నాడూ వచ్చాడు. ఆ తర్వాతా వచ్చాడు. ఇస్త్రీ పంచె, చేతికర్ర, ప్లాస్టిక్ కుర్చీ. తెల్లారకముందే వచ్చి పొద్దుగూకేదాకా కదిలేవాడు కాదు. ఆడవాళ్లకు కడుపు బిగబట్టుకుని తిరగడమే మిగిలింది.

"కబ్జాగాళ్ల మనిషే అక్కా," అంది పక్కింటి పుష్పమ్మ. "గిట్లనే షురూ చేస్తరు. మొదలు ఒక ముసలోన్ని కూసోబెడ్తరు. ఎవ్వలూ ఏమనకుంటే ఎన్కనుంచి గూండాలను దింపుతరు."

"కబ్జా అయితే మేలే పుష్పమ్మా. వాడి బుద్ధి ఇంకోటేమోనని నా భయం."

"జెర మంచిగ దులుపు. ఇగ రాడు."

ఆ ఆదివారం జ్ఞానమణి గుమ్మం ముందు చేపలు కడుగుతుంటే ముసలాడే నడిచొచ్చాడు.

"అమ్మా, పొద్దున్నే ఒక పిల్ల చెంబుతో వచ్చి వెనక్కి వెళ్లిపోతోంది. మీ అమ్మాయేనా?"

జ్ఞానమణికి ఒళ్లంతా జెర్రులు పాకినట్టయింది.

"చూస్తున్నావన్నమాట."

"అది కాదమ్మా, నేను..."

"థూ. కాటికి కాళ్లు చాపుకున్నావు, ఇంకా ఆడపిల్లలు కావాల్సొచ్చిందా?"

పొలుసులతో పేగులతో ఉన్న గిన్నెడు నీళ్లు ఆయన మీద కుమ్మరించింది. ఆయన వెనక్కి అడుగు వేయబోయి, జారి, పక్కనున్న మురుగు మోరీలో పడ్డాడు.

ఎవరూ చెయ్యి అందించలేదు. ఆ కంపుకొట్టే మనిషిని ముట్టుకునేదెవరు? చివరికి దారినపోయే ఆటోవాడు లేవదీశాడు.

"తప్పు నాదేలెండమ్మా," అన్నాడు ముసలాడు, గడ్డం మీద పొలుసులు తుడుచుకుంటూ. "అలా అడగాల్సింది కాదు."

ఆటో వెళ్లాక జ్ఞానమణి ఆయన నిలబడ్డ చోట ఫినాయిల్ పోసి కడిగింది.

"మంచిగైంది," అంది పుష్పమ్మ.

మర్నాడు కుర్చీ ఖాళీ. ఆడవాళ్లు హాయిగా వెళ్లొచ్చారు.

వారం తిరక్కుండానే లారీల్లో ఇటుకలు దిగాయి. జాగా చుట్టూ గోడ లేచింది. ఇనుప గేటు, దాని పైన అపార్ట్‌మెంట్ల బొమ్మతో పెద్ద బోర్డు. ఉన్న ముళ్లకంపా పోయింది. ఆడవాళ్లు మళ్లీ ఆఫీసు మెట్లెక్కారు.

"పుష్పమ్మ అప్పుడే చెప్పింది సార్," అంది జ్ఞానమణి. "ఆ ముసలాడే గూండాలను దింపాడు. జాగా కబ్జా చేశాడు."

"ఏ ముసలాడు?"

"పంచె కట్టుకుని, చేతికర్ర పట్టుకుని, రోజూ కుర్చీ వేసుకుని కూర్చునేవాడు."

ఇంజనీరు టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు. ఈసారి నవ్వలేదు.

"రామభద్రరావు గారు. ఎక్కడో జారిపడి తుంటి విరిగిందట. మంచంలోనే మొన్న పోయారు."

పుష్పమ్మ జ్ఞానమణి వైపు చూసింది. జ్ఞానమణి తల దించుకుని అడిగింది.

"మరి ఆ గోడ?"

"కబ్జా కాదమ్మా. ఆయన కొడుకులే బిల్డరుతో కలిసి కట్టారు. తండ్రి కూర్చున్నన్నాళ్లూ ఒక్క ఇటుక దించడానికి వాళ్లకు ధైర్యం చాల్లేదు."

"ఆయనెవరో మాకు ఒక్కమాట చెప్పి ఉండొచ్చు కదా సార్."

"మేమే చెప్పొద్దన్నాం. తెలిస్తే మీరు ముందే గుడిసెలేసుకుంటారని."

"ఏం తెలిస్తే?"

ఇంజనీరు కిటికీ వైపు తిరిగి అన్నాడు.

"ఆ జాగా ఆయనదేనమ్మా, మీ బస్తీకి ఇళ్లు కట్టించమని మాకు ఊరికే ఇచ్చేస్తానన్నారు, అప్పగించేదాకా కొడుకులు గోడ కట్టకుండా ఆయనే కాపలా కూర్చున్నారు."